మిల్లు జల్లెడకి నైలాక్ నట్లు, వెడ్జ్ వాషర్లు: ఒక సీజన్ వాడాక నా రివ్యూ

మాది గుంటూరులో చిన్న కారప్పొడి మిల్లు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఊపిరి సలపదు, మిర్చి యార్డు నుంచి టిక్కీలు (ఎండుమిర్చి బస్తాలు) దిగుతూనే ఉంటాయి, కాయల దుమ్ము దులిపే వైబ్రేటింగ్ జల్లెడ పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆడుతూనే ఉంటది. దానికి నట్లు నిలిచేవి కాదు. స్ప్రింగ్ వాషర్ వేశాం, రెండు వేశాం, పైన చెక్ నట్టు కూడా బిగించాం, నాలుగైదు రోజులకి మళ్ళీ లూజ్. పోయిన సీజన్లో ఒకరోజు మెష్ ఫ్రేమ్ మీద నట్టు ఊడి కాయల్లో పడిపోయింది. కాయల్ని పొడి చేసే పల్వరైజర్ ముందు మ్యాగ్నెట్ ఉంది కాబట్టి అక్కడ ఆగింది, లేకపోతే లోపల హ్యామర్లు పోయేవి, ఇనప ముక్కలు కారంలో కలిసి ఎవరింటి పచ్చడిలోకి వెళ్ళేవో. తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటది.

మర్నాడే బెజవాడ ఆటోనగర్ వెళ్ళా. అక్కడ బోల్టుల కొట్లో ఒక పెద్దాయన, ఇంకోచోటైతే ఎన్ని కేజీలు కావాలి అని మాత్రమే అడుగుతారు, ఈయన మాత్రం "ఎక్కడికి బాబూ? వేడి తగులుద్దా? ఎన్నాళ్ళకోసారి విప్పుతారు?" అని మూడు ప్రశ్నలేశాడు. నాకు తెలిసి నట్టు కొనేటప్పుడు అడగాల్సినవి ఈ మూడే.

ముందు నైలాక్. పైన తెల్లగానో నీలంగానో నైలాన్ రింగ్ ఉంటది, బోల్టు మరలు దాన్ని నొక్కుకుంటూ వెళ్తాయి, అదే పట్టు. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తా. ఎం12 (12 మిల్లీమీటర్ల బోల్టుకి పట్టే) మామూలు నట్టు ఎత్తు 10 మిల్లీమీటర్లు, నైలాక్ 12, ఇంకా పొడుగు రకమైతే 14. పాత బోల్టులే ఉంచి నైలాక్ వేసేశా, మర నైలాన్ దాకా సరిగ్గా వెళ్ళలేదు, అంటే డబ్బు పెట్టి కొన్న రింగ్ ఊరికే కూర్చుంది. నైలాన్ దాటి ఒకటి రెండు మరలు బయటికి కనపడాలి. మళ్ళీ వెళ్ళి పొడుగు బోల్టులు తెచ్చా.

ఇంకోటి, నైలాక్ వేస్తే బిగింపు అక్కర్లేదు అనుకుంటారు చాలామంది. అసలు పట్టు బోల్టు సాగి లాగే టెన్షన్‌లో ఉంది. 1969లో యుంకర్ అనే జర్మన్ ఇంజనీర్ చూపించాడు, బిగించిన రెండు ముక్కలు అడ్డంగా అటూ ఇటూ జారితే మరల మధ్య రాపిడి పనిచెయ్యదు, నట్టు దానంతటదే తిరిగి వచ్చేస్తది అని. ఆ రకం టెస్టులో మామూలు స్ప్రింగ్ వాషర్ నిలబడదు, మా మిల్లులో జరిగింది అచ్చం అదే. నైలాక్ అయితే టెన్షన్ కొంత పోయినా నట్టు ఊడి కింద పడదు, అది పెద్ద ఊరట, కానీ టెన్షన్ పోకుండా చూసుకోవాల్సింది మనమే. 8.8 గ్రేడ్ (బోల్టు బలం చెప్పే అంకె) ఎం12కి 80 న్యూటన్ మీటర్ల (తిప్పే బలం కొలత) దాకా బిగించాలి, నైలాన్ రాపిడికి ఎంత పడుతుందో ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో ముందు చూసుకుని అది దీనికి కలపాలి. పానాతో అందాజాగా బిగిస్తే ఏ నట్టైనా ఒకటే. బిగించాక నట్టు మీద నుంచి ప్లేట్ మీదకి పెయింట్ గీత గీశా, మోటార్ దగ్గర నైలాక్ నట్ల మీది నాలుగు గీతలూ సీజన్ అయ్యేదాకా కదల్లేదు.

మెష్ ఫ్రేమ్ దగ్గర మాత్రం నైలాక్ నాకు నచ్చలేదు. వారం వారం విప్పి కడుగుతాం, మూడో నాలుగో సారికే నట్టు చేత్తో తిరుగుతోంది, అంటే నైలాన్ అరిగిపోయినట్టే. విప్పిన నైలాక్ మళ్ళీ వాడకూడదు, ప్రతి వారం కొత్తవి కొనలేం. అక్కడ వెడ్జ్ వాషర్లు వేశా, స్వీడన్ వాళ్ళ నార్డ్‌లాక్ రకం. రెండు వాషర్లు జత, లోపలి వైపు మెట్లలాగా వాలు ఉంటది, ఆ వాలు బోల్టు మర వాలు కంటే ఎక్కువ, అందుకని నట్టు వెనక్కి తిరగబోతే వాషర్లు ఒకదాని మీదకి ఒకటి ఎక్కి బోల్టుని ఇంకా గట్టిగా లాగుతాయి. పెద్ద మెట్లున్న వైపులు రెండూ ఎదురెదురుగా పెట్టాలి, మా కుర్రాడు ఒకసారి తిరగేసి పెట్టాడు, నేను పక్కనే నిలబడి చూడబట్టి సరిపోయింది. రేటు బాగా ఎక్కువ, కానీ విప్పి మళ్ళీ వాడుకోవచ్చు, ఎనిమిది జతలకి పెట్టిన డబ్బుకి నేను బాధపడట్లేదు.

బాగా వేడెక్కే జనరేటర్ సైలెన్సర్ ఫ్లాంజ్‌కి (గొట్టాలు కలిపే అంచుకి) మాత్రం నైలాక్ వద్దే వద్దు. నైలాన్ 120 డిగ్రీల దాకానే, ఆ పైన మెత్తబడి పట్టు పోద్ది. అక్కడ నైలాన్ లేని, పైభాగం కొంచెం నొక్కి వంకర చేసిన ఆల్ మెటల్ లాక్ నట్లు వేశాం. స్టీల్ స్టీల్‌ని పట్టుకుని ఉంటది, విప్పేటప్పుడు చెయ్యి నొప్పి పుడుద్ది, అంతే.

స్టెయిన్‌లెస్ నైలాక్ తీసుకునేవాళ్ళు మరలకి యాంటీసీజ్ పేస్ట్ రాయండి, మెషీన్‌తో గిరగిరా బిగించకండి. స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ వేడెక్కి పట్టేసుకుంటది, మాకు ఒక బోల్టు సగంలో ఇరుక్కుపోతే గ్రైండర్‌తో కోసి తియ్యాల్సొచ్చింది.

గుంటూరులోనే ఒక చోట కొన్న నైలాక్ ప్యాకెట్ మీద గ్రేడ్ ఏమీ లేదు, నట్టు మీదా మార్క్ లేదు, 80 న్యూటన్ మీటర్లకి రాకముందే మర తెగింది. 8.8 బోల్టుకి 8 అని మార్క్ ఉన్న నట్టే అడగండి. ఆటోనగర్ పెద్దాయన మాత్రం ప్రతి నట్టూ లైట్ కిందకి తీసుకెళ్ళి ఆ అంకె చూపించి ఇచ్చాడు, ఈ నవంబర్లో జల్లెడ సర్వీసుకి కావాల్సినవన్నీ ఆయన దగ్గరే తెస్తా.