ఐదేళ్ళు, ఇద్దరు లాయర్లు: 498ఏ, డీవీసీ కేసుల్లో నాకు పనికొచ్చిందీ, పనికిరానిదీ

2019 జనవరిలో నా భార్య ఇచ్చిన ఫిర్యాదు మీద మహిళా పోలీస్ స్టేషన్ నుంచి 41ఏ నోటీసు (విచారణకు రమ్మని పోలీసులిచ్చే కాగితం) చేతికొచ్చింది. 2024 ఏప్రిల్‌లో చివరి కేసు ముగిసింది. ఈ ఐదేళ్ళ చిల్లరలో ఒక 498ఏ (భార్యను భర్త, అత్తింటివాళ్ళు వేధించారనే క్రిమినల్ కేసు), ఒక డీవీసీ (గృహహింస చట్టం కింద కేసు), ఒక మెయింటెనెన్స్ (భరణం) కేసు, హైకోర్టులో ఒక క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమని అడిగేది), ఇద్దరు లాయర్లు, రెండు సంచుల కాగితాలు. నేను ఏ1, అంటే మొదటి ముద్దాయిని. అమ్మ ఏ2. పెళ్ళై పుణేలో ఉంటున్న చెల్లి ఏ3.

బైకు కొన్నవాళ్ళు మైలేజీ గురించి రాస్తారు, మిక్సీ కొన్నవాళ్ళు మోటారు గురించి రాస్తారు. లాయరును పెట్టుకున్నవాళ్ళు మాత్రం కేసు అయిపోయాక నోరెత్తరు. పరువు అడ్డొస్తుంది. నాకూ వచ్చింది కానీ, ఈ మధ్య మా ఆఫీసులో ఒక కుర్రాడికి ఇదే నోటీసు వచ్చి నా దగ్గరికే వచ్చాడు. అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి: నా మీద వచ్చిన ఫిర్యాదులో అన్నీ అబద్ధాలు కావు.

మొదటి లాయరు గారి ఆఫీసు కోర్టు ఎదురు సందులో ఉండేది. ఎప్పుడు చూసినా జనం. మొదటి రోజే భుజం తట్టి, "టెన్షన్ పడకండి, ఆరు నెలల్లో కొట్టేయిస్తాను" అన్నారు. అప్పటికి ఆయన ఎఫ్ఐఆర్ చదవలేదు. ఫీజు నలభై వేలు, వాయిదాకు వెయ్యి. నాకు బాగా నచ్చారు. ఎందుకు నచ్చరు, నేను వినాలనుకున్నదే చెప్పారు కదా. అమ్మాయి మీద ఎదురు కేసు వేద్దామన్నారు. క్రాస్‌లో, అంటే బోనులో ఆమెను మన లాయరు ప్రశ్నించేటప్పుడు, ఆమె ఫోను సంగతులు, స్నేహితుల సంగతులు లాగుదామన్నారు. మెయింటెనెన్స్ తప్పించుకోవడానికి ఉద్యోగం మానేసినట్టు చూపిద్దామన్నారు. అన్నిటికీ తలూపాను.

"రేపో ఎల్లుండో అరెస్టు" అని భయపెట్టి ముందస్తు బెయిల్‌కు ఇంకో పాతిక వేలు తీసుకున్నారు. ముందస్తు బెయిల్ తప్పని నేననను, కొందరికి నిజంగానే అవసరం. కానీ 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో ఫిర్యాదు రాగానే అరెస్టు చేయకూడదు, అవసరమేమిటో పోలీసులు కారణం రాయాలి, లేదంటే 41ఏ నోటీసు ఇచ్చి పిలవాలి. 498ఏకి గరిష్ఠ శిక్ష మూడేళ్ళు. నా చేతిలో ఉన్నది ఆ నోటీసే. చెప్పిన రోజున వెళ్ళి, అడిగినదానికి సమాధానం చెప్పి, కాగితాలు ఇచ్చి రావాలి. అంతే. ఈ ముక్క ఆయన చెప్పలేదు. పైగా డీవీసీకి కూడా ముందస్తు బెయిల్ వేద్దామన్నారు. గృహహింస చట్టం కింద వేసే దరఖాస్తులో మనం ముద్దాయిలమే కాదు, ప్రతివాదులం. మేజిస్ట్రేటు ఇచ్చిన ఉత్తర్వును ఉల్లంఘిస్తేనే అది నేరమవుతుంది, అప్పుడు ఏడాది వరకు జైలు గానీ ఇరవై వేల వరకు జరిమానా గానీ, రెండూ గానీ. అరెస్టే లేని చోట బెయిల్ దేనికని నేను అడగలేదు. అడిగేంత తెలివి ఉంటే అసలు అక్కడ ఎందుకుంటాను.

ఆయనతో తెగింది మాత్రం ఫోనులో. "వాయిదాకు మీరు రానక్కర్లేదు, 317 పిటిషన్ వేస్తాను" అనేవారు. 2020 ఫిబ్రవరిలో ఒక రోజు ఆఫీసులో టీ తాగుతూ ఈకోర్ట్స్ యాప్‌లో నా కేసు సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే గుర్తింపు నంబరు) కొట్టి చూశాను. మా మూడు పేర్ల కింద ఎన్‌బీడబ్ల్యూ జారీ అని ఉంది. నాన్ బెయిలబుల్ వారంటు. ఆ రోజు పిటిషన్ ఎవరూ వెయ్యలేదు. టీ అక్కడే పెట్టేసి ఫోను చేస్తే, "అదేం లేదండీ, మామూలే, రీకాల్ చేయిద్దాం, ఐదు వేలు పట్టుకురండి" అన్నారు. అరవై ఆరేళ్ళ అమ్మను తీసుకుని వెళ్ళి, వారంటు రద్దు చేయించుకుని సాయంత్రం ఐదుకు ఇంటికొచ్చాం. దారంతా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ యాప్ పైసా ఖర్చు లేనిది. ఈ ఐదేళ్ళలో నేను వాడిన వస్తువుల్లో ఐదుకు ఐదు మార్కులు దానికే వేస్తాను. మీ నంబరు పదహారు అక్షరాలు, అది లాయరు దగ్గర కాదు, మీ దగ్గర ఉండాలి.

రెండో లాయరును మా బావ చూపించాడు. యాభై దాటిన ఆవిడ, ఇంటి ముందు గదే ఆఫీసు. పాత లాయరు దగ్గర నో అబ్జెక్షన్ సంతకం తెచ్చుకోమన్నారు, ఆ సంతకానికి మూడు వారాలు తిరిగాను. ఈలోపు కరోనాతో కోర్టులు మూతపడ్డాయి. నిజానికి అదే నాకు కలిసొచ్చింది, ఆవిడకు కేసు చదవడానికి తీరిక దొరికింది.

ఆ మొదటి రోజు బాగా గుర్తు. ఫిర్యాదు కాపీని ఒక్కో వాక్యంగా విడగొట్టి, లాంగ్ నోట్‌బుక్‌లో వరుస నంబర్లు వేశారు. ఇరవై మూడు వచ్చాయి. పక్కన మూడు గడులు గీశారు: నిజం, అబద్ధం, సగం. ఒక్కొక్కటే చదువుతుంటే నేను టకటకా "అబద్ధం" అంటూ పోయాను. పదకొండో నంబరు: "2018 జూన్‌లో నన్ను చెంప మీద కొట్టినారు." అబద్ధం అన్నాను. ఆవిడ పెన్ను ఆపారు. తలెత్తలేదు.

"ఆ రోజు ఆవిడ ఆసుపత్రికి వెళ్ళారా బాబూ?"

లోపల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి, చెవి నొప్పని మర్నాడు వెళ్ళిందని చెప్పాను. "మీరు నాకు చెప్పింది చట్టప్రకారం నేను బయటపెట్టకూడదు. అందుకే నాకు నిజం చెప్పే వీలుంది మీకు. అబద్ధం చెప్తే ఆ ఆసుపత్రి చీటీ నేను మొదటిసారి కోర్టులో చూస్తాను" అన్నారు. మళ్ళీ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టాం. సాయంత్రానికి నిజం గడిలో నాలుగు, అబద్ధంలో ఎనిమిది, మిగతా పదకొండూ సగంలో పడ్డాయి.

ఆ నోట్‌బుక్కే నా డిఫెన్స్. తర్వాత నాలుగేళ్ళు జరిగిందంతా దాంట్లోంచే వచ్చింది.

ఉదాహరణకు ఆ చెంపదెబ్బ. "498ఏలో క్రూరత్వానికి ఒక నిర్వచనం ఉంది, దాంట్లోకి వస్తుందా రాదా అని వాదించుకోవచ్చు. గృహహింస చట్టానికి ఆ ఒక్క దెబ్బ చాలు" అన్నారు మేడమ్. డీవీసీలో రక్షణ ఉత్తర్వు ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదని మెమో వేశారు, మిగతా ఆరోపణలు ఒప్పుకోకుండానే. ఉత్తర్వుకు అభ్యంతరం లేదనడం వేరు, నేరం ఒప్పుకోవడం వేరు, ఆ తేడా ఆవిడ రెండు వాక్యాల్లో రాశారు. నాకు తల తీసేసినట్టయింది. కానీ ఆ రోజు నుంచి డీవీసీలో మా మాటకు విలువ పెరిగింది. సామాను లిస్టు మీద మేం చెప్పింది మేజిస్ట్రేటు గారు శ్రద్ధగా విన్నారు, పాపను నెలకు రెండు ఆదివారాలు చూసే ఏర్పాటూ చేశారు.

మెయింటెనెన్స్ సంగతి. ఉద్యోగం మానేసినట్టు చూపే పథకం గురించి చెబితే ఆవిడ నవ్వనైనా నవ్వలేదు. 2020 నవంబరులో వచ్చిన రజ్నేష్ వర్సెస్ నేహా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత రెండు వైపులా ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్ వెయ్యాలి. ఒంట్లో సత్తువ ఉన్నవాడు పని లేదంటే కోర్టు వినదు. పే స్లిప్పులు ఉన్నవి ఉన్నట్టు పెట్టాం. అదే తీర్పులో నాకు పనికొచ్చిన ముక్క ఇంకొకటుంది: వేర్వేరు కేసుల్లో భరణం ఇచ్చినా, ఒకదాన్లో ఇచ్చింది రెండోదాన్లో సర్దుబాటు చేయాలి. డీవీసీలో నెలకు ఆరు వేలు, ఫ్యామిలీ కోర్టులో తొమ్మిది వేలు వచ్చాయి. మొదటి లాయరే ఉంటే పదిహేను కట్టేవాణ్ణి. తొమ్మిదే కట్టాను, ప్రతి నెలా బ్యాంకు ద్వారానే. చేతికిచ్చిన డబ్బుకు సాక్ష్యం ఉండదు.

నా సొంత తెలివితక్కువతనం ఒకటి. వాట్సాప్ మెసేజీలు స్క్రీన్‌షాట్లు తీసి, పాత ఫోను ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశాను. 2020లోనే అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది: ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కాపీ పెడితే 65బీ సర్టిఫికెట్ (ఆ కాపీ ఎలా తీశారో ధ్రువీకరించే కాగితం) ఉండాలి, లేదా అసలు ఫోనే తెచ్చి చూపాలి. నా దగ్గర ఫోనూ లేదు. నూట నలభై పేజీల ప్రింట్లు ఇప్పటికీ అటక మీదున్నాయి.

అమ్మ, చెల్లి విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ మండుతుంది. కోర్టు వరండాలో బెంచీలు నిండిపోతే అమ్మ గోడకు ఆనుకుని నిలబడేది. "ఏ2" అని పిలిస్తే ముందుకు రావాలని ఆమెకు రెండేళ్ళకు అలవాటైంది. ఫిర్యాదులో వాళ్ళ మీద ఉన్నది ఒక్కటే వాక్యం: "అత్త, ఆడపడుచు కూడా వేధించినారు." ఎప్పుడు, ఎక్కడ, ఏమని వేధించారో లేదు. 2022 ఫిబ్రవరిలో కహ్‌కషాన్ కౌసర్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి గంపగుత్త ఆరోపణలతో భర్త బంధువులను విచారణకు లాగకూడదంది. అది పట్టుకుని హైకోర్టులో క్వాష్ వేశాం, ఆ ఏడాది చివరికి ఇద్దరి మీదా కేసు కొట్టేశారు. అక్కడ వేరే లాయరుకు యాభై వేలు ఇచ్చాక తెలిసిన సంగతి: న్యాయసేవల చట్టం ప్రకారం మహిళకు, ఆదాయంతో పని లేకుండా, ఉచిత లాయరును ఇస్తారు, ఆమె ముద్దాయి అయినా సరే. 15100కు ఫోను చేసినా చాలు. ఇది ఇద్దరు లాయర్లలో ఎవరూ చెప్పలేదు. మేడమ్‌కు నేను మార్కులు తగ్గించేది ఇక్కడే. ఫీజుకు రసీదు ఇవ్వకపోవడం, రెండుసార్లు ఏమీ తెలియని జూనియర్‌ను పంపి వాయిదా కోల్పోవడం కూడా లెక్కలోకి వస్తాయి. రాత్రి ఏడు దాటితే ఫోను ఎత్తరు, దానికి మాత్రం ఏమీ అనను.

2023లో క్రాస్. మొదటి లాయరు చెప్పిన లెక్కన అది నాలుగు గంటల యుద్ధం కావాలి. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. చెంపదెబ్బ జోలికి మేడమ్ వెళ్ళలేదు. ఆమె స్నేహితుల జోలికీ వెళ్ళలేదు. అదనపు కట్నంగా ఐదు లక్షలు తీసుకున్నారన్న ఆరోపణ ఒక్కటే తీసుకున్నారు. అది మా నోట్‌బుక్‌లో "సగం" గడిలో ఉంది, డబ్బు తీసుకున్న మాట నిజం, ఇల్లు కట్టేటప్పుడు చేబదులుగా. దాంట్లో మూడు లక్షలు మామగారి ఖాతాకు నేనే తిరిగి పంపాను. బ్యాంకు వాళ్ళు ధ్రువీకరించి ఇచ్చిన స్టేట్‌మెంటు చూపించి, "ఈ ఖాతా మీ నాన్నగారిదేనామ్మా?" అని అడిగారు. అవునంది. అది ఎగ్జిబిట్ డి1గా, అంటే మా వైపు మొదటి రుజువుగా, మార్కు అయింది. "అంతేనమ్మా, కూర్చోండి" అన్నారు.

నెల తిరక్కుండా వాళ్ళన్నయ్య నుంచి రాజీ మాట వచ్చింది. ఆ రోజు తన చెల్లెల్ని బోనులో ఏడిపిస్తారని సిద్ధపడి వచ్చాడట. మిగిలిన రెండు లక్షలు, నగలు, ఒకేసారి ఇచ్చే భరణం తేలాక పరస్పర అంగీకారంతో విడాకులు వేశాం. 498ఏ మామూలుగా రాజీకి వీల్లేని నేరమే అయినా, మన ఉమ్మడి రాష్ట్రంలో 2003లో చేసిన సవరణ వల్ల అప్పట్లో కోర్టు అనుమతితో రాజీ అయ్యే వీలుండేది, కాకపోతే దరఖాస్తు పెట్టాక మూడు నెలలు ఆగాల్సి వచ్చేది. జనవరిలో పెట్టాం, ఏప్రిల్‌లో ముగిసింది.

ఇప్పుడు కొత్తగా నోటీసు అందుకునేవాళ్ళకు నంబర్లు వేరు. 2024 జులై 1 నుంచి 498ఏ పోయి బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 85 వచ్చింది, 41ఏ నోటీసు బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 35(3) అయింది. తమాషా ఏమిటంటే పాత సీఆర్‌పీసీలో 482 అంటే క్వాష్, కొత్త బీఎన్ఎస్ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిల్. మా ఆఫీసు కుర్రాడి లాయరు ఏ 482 గురించి మాట్లాడుతున్నాడో తేల్చుకోవడానికే మాకు అరగంట పట్టింది. గృహహింస చట్టం మాత్రం 2005దే, మారలేదు.

చివరి వాయిదా రోజు కాగితాలన్నీ సంచిలో సర్దుతుంటే మేడమ్ ఒకటి విడిగా తీసి ఇచ్చారు, డీవీసీలో రక్షణ ఉత్తర్వు. అన్నీ అయిపోయాయి కదా మేడమ్ అన్నాను. "ఇది అయిపోలేదు. ఆవిడ వద్దని కోర్టును అడిగేదాకా అమల్లోనే ఉంటుంది. ఇంతవరకు ఆవిడ అడగలేదు" అన్నారు. అది బీరువాలో పైఅరలో పెట్టాను. పాపను తెచ్చుకునే ఆదివారాల్లో వాళ్ళ గేటు ఇవతలే నిలబడతాను.