ఇంట్లో బీరు తయారుచేసుకునే కొత్తవారికి హెచ్చరిక: ఆ కిట్‌లోని హైడ్రోమీటర్‌ను పరీక్షించకుండా నమ్మకండి

మూడు రోజుల క్రితం అర్ధరాత్రి మా ఇంట్లో మెట్ల కింది అలమారలో బీరు సీసాలు ఒకదాని వెంట ఒకటి పేలాయి. ఆ కిట్ నాకు అమ్మిన వ్యక్తి, అందులోని హైడ్రోమీటర్‌లో (ద్రవంలో తేలుతూ దాని సాంద్రతను, అంటే అందులో చక్కెర ఎంత ఉందో చూపే గాజు పరికరం) లోపం ఉందని తనకు ముందే తెలుసని నిన్న మధ్యాహ్నం ఫోన్‌లో ఒప్పుకున్నాడు. కోపం చల్లారాక రాస్తే మాట మెత్తబడుతుందేమోనని ఇప్పుడే రాస్తున్నాను. మొదటిసారి బీరు చేయబోయేవారికి అందరూ సూచించే కిట్ ఇదే. ఎవరి గురించి చెబుతున్నానో మీలో చాలామందికి ఇప్పటికే అర్థమై ఉంటుంది.

ఆ కిట్‌లో ఏముంటుందో మీకు తెలిసిందే కాబట్టి నేపథ్యాన్ని సాగదీయను. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌ను (మొలకెత్తించిన ధాన్యం నుంచి తీసిన చక్కెర సారం), హాప్స్‌ను (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) గంటసేపు మరిగించి, త్వరగా చల్లార్చి, నీళ్ళు కలిపి 20 లీటర్లు చేసి, ఈస్ట్ వేశాను. ఫెర్మెంటర్‌ను (బీరు పులిసే పాత్ర), గొట్టాలను, సీసాలను శుభ్రం చేయడంలో ఎక్కడా అశ్రద్ధ చేయలేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, అమ్మకందారు మొదట నింద మోపింది నా శుభ్రత మీదనే.

ఈస్ట్ వేసే ముందు హైడ్రోమీటర్ 1.038 చూపించింది. కిట్‌తో వచ్చిన సూచనల కాగితంలో 1.048 రావాలని ఉంది. నేను ఆగవలసిన చోటు అదే. ధాన్యాన్ని నానబెట్టి చక్కెర తీసే పద్ధతిలోనైతే మొదటి రీడింగ్ తగ్గడానికి చాలా కారణాలుంటాయి. ఎక్స్‌ట్రాక్ట్‌తో చేసినప్పుడు మాత్రం చక్కెర అంతా డబ్బాలోంచే వస్తుంది గనుక, నీటి కొలత సరిగా ఉండి, వర్ట్ (ఇంకా పులియని తీపి ద్రవం) బాగా కలిసిందంటే ఆ అంకె తప్పడానికి దాదాపు వీలే లేదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, పైన పోసిన నీళ్ళు సరిగా కలవలేదేమోనని సర్దిచెప్పుకుని మూత పెట్టేశాను. ఆ ఒక్క నిమిషం నన్ను ఇంకా బాధిస్తూనే ఉంది.

పదకొండో రోజుకు నురుగు పూర్తిగా దిగిపోయింది, ఎయిర్‌లాక్‌లో (వాయువును బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని మూత) బుడగలు ఆగిపోయాయి. రీడింగ్ 1.010 వచ్చింది. 1.010 నుంచి 1.012 మధ్యకు రాగానే సీసాల్లో నింపవచ్చని సూచనల కాగితం చెబుతోంది. నేను లెక్క కూడా వేసి చూసుకున్నాను. 1.000 మీద ఉన్న ప్రతి 0.001ను ఒక పాయింట్ అంటారు; 38 పాయింట్లలో 28 తగ్గాయంటే సుమారు 74 శాతం చక్కెరను ఈస్ట్ తినేసినట్టు. ఏల్ అనే రకం బీరుకు వాడే మామూలు ఈస్ట్‌కు ఇది చాలా సహజమైన అంకె. మోసం ఎంత నేర్పుగా దాక్కుందో చూడండి. మొదటి రీడింగ్, చివరి రీడింగ్ రెండూ ఒకే మేరకు తప్పడంతో వాటి మధ్య తేడా నిజమైనదిగానే కనిపించింది, దాని మీద వేసిన లెక్క కూడా నమ్మదగినదిగానే వచ్చింది. అసలు జరిగింది వేరు. వర్ట్ 1.048 దగ్గర మొదలై 1.020 దగ్గర ఆగిపోయింది. అంటే ఈస్ట్ తిన్నది 58 శాతమే. రాత్రిళ్ళు గది చల్లబడడం వల్ల కాబోలు అది పని మధ్యలో ఆపి అడుగుకు చేరింది. మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలిచి, అంకె మారకపోతేనే నింపాలన్న నియమాన్ని నేను పాటించలేదు, అది నా తప్పే. అయితే నిద్రపోయిన ఈస్ట్ ఆ మూడు రోజుల్లో కదలకపోయి ఉంటే రెండు రీడింగులూ ఒకేలా వచ్చేవి. అప్పుడు నన్ను ఆపగలిగేది సరైన అంకె ఒక్కటే.

నురగ కోసం కొలత ప్రకారం చక్కెర కలిపి 38 సీసాలు నింపి, మూతలు బిగించి, వెచ్చగా ఉంటుందని ఆ అలమారలో పెట్టాను. నింపేటప్పుడు జరిగిన కదలికకు, కొత్త చక్కెరకు, ఆ వెచ్చదనానికి ఈస్ట్ మళ్ళీ మేల్కొంది. నాలుగు పాయింట్ల చక్కెర పులిస్తే దాదాపు రెండు వాల్యూమ్‌ల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, అంటే లీటరు బీరులో రెండు లీటర్ల వాయువు. మామూలు బీరులో ఉండేదే రెండున్నర వాల్యూమ్‌ల ప్రాంతంలో. 1.020 నుంచి 1.012 వరకు దిగడానికి మిగిలిన ఎనిమిది పాయింట్లు మరో నాలుగు వాల్యూమ్‌లను జతచేస్తాయి. అంతటి ఒత్తిడి కోసం మామూలు బీరు సీసాలను ఎవరూ తయారుచేయరు.

ఆరో రాత్రి మొదటి సీసా పేలింది. నేను లేచి వచ్చేలోపు మరో రెండు పేలాయి. తలుపు తెరవకుండా దాని మీద మందపాటి దుప్పట్లు కప్పి, ఇంట్లో అందరినీ అవతలి గదికి పంపించాను. తెల్లవారాక చూస్తే తొమ్మిది సీసాలు పగిలి ఉన్నాయి. ఒక గాజు ముక్క అలమార తలుపు చెక్కలోకి దిగబడి నిలిచి ఉంది. పగటిపూట మా అమ్మాయి ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చుని బొమ్మలు వేసుకుంటుంది. ఆ ముక్కను చూసినప్పటి నుంచి బీరు పోయిందన్న బాధ నాకు లేదు.

శుభ్రత లోపించి క్రిములు చేరాయేమోనని మొదట అనుమానించాను, ఎందుకంటే కొన్ని క్రిములు ఈస్ట్ వదిలేసిన చక్కెరలను కూడా తిని సీసాలను పేల్చగలవు. కానీ మిగిలిన బీరులో పులుపు గాని చెడు వాసన గాని లేదు. అప్పుడు మొదటి రోజు చూసిన 1.038 గుర్తుకొచ్చింది. గిన్నెలో మంచినీళ్ళు పోసి, థర్మామీటర్‌తో 20 డిగ్రీలని నిర్ధారించుకుని, హైడ్రోమీటర్ వదిలాను. 1.000 చూపించవలసిన పరికరం 0.990 చూపించింది. దీపం ముందు పెట్టి చూస్తే, గాజు కాడ లోపల అంకెలున్న కాగితం దాన్ని అంటించిన జిగురు మచ్చ కంటే కిందికి జారి ఉండడం స్పష్టంగా కనిపించింది. కాగితం కిందికి జారితే నీటి మట్టం దగ్గరకు పై అంకె, అంటే తక్కువ సాంద్రత అంకె, వచ్చి నిలుస్తుంది. నా రీడింగులన్నీ పది పాయింట్లు తక్కువ రావడానికి కారణం అదే.

ఫోటోలు తీసి పంపించి అమ్మకందారుకు ఫోన్ చేశాను. సీసాలు సరిగా కడగలేదేమోనన్నాడు. రుచి చూశానని చెప్పాను. చక్కెర ఎక్కువ వేశారేమోనన్నాడు. తూచి వేసిన లెక్క చెప్పాను. రీడింగ్ చూడడం రాలేదేమోనన్నాడు. ద్రవం గాజును అంటుకుని పైకి పాకిన అంచును కాకుండా అసలు మట్టాన్నే చూశానని, ఫోటోలో కూడా అదే కనిపిస్తోందని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, వాతావరణం గురించి చెబుతున్నంత మామూలు గొంతుతో, ఇలా అన్నాడు: "ఆ లాట్‌లో కొన్నింటికి కాగితం జారిందండీ, మాకు తెలుసు. అయినా బీరు చేసేవాళ్ళెవరైనా ముందు నీళ్ళలో పెట్టి చూసుకుంటారు కదా."

ఆ మాట విన్నాక నాకు వెంటనే నోరు పెగల్లేదు. లోపం ఎవరి సరుకులోనైనా రావచ్చు. గాజు సరుకు ప్రయాణంలో కుదుపులకు లోనవుతుంది, జిగురు వదులుతుంది, అంతవరకు నేను అర్థం చేసుకోగలను. కానీ తెలిసి కూడా పెట్టెలో పెట్టి పంపడాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? ఆ కిట్ కొనేవారంతా మొదటిసారి చేసేవారేనని అతనికి తెలియదా? నీళ్ళలో పరీక్షించమని ఆ సూచనల కాగితంలో ఒక్క వాక్యం కూడా లేదు. దాన్ని నాలుగుసార్లు చదివి చూశాను. తలుపులో దిగిన గాజు ముక్క ఫోటో కూడా పంపానని, అక్కడ ఒక చిన్నపిల్ల కూర్చుంటుందని చెప్పాను. "కావాలంటే కొత్త హైడ్రోమీటర్ పంపిస్తాను, పాతది మీ ఖర్చుతో తిరిగి పంపండి" అన్నాడు. ఆ లాట్ కొన్న మిగతావారికి కబురు పంపారా అని అడిగితే, ఇంకెవరూ ఫిర్యాదు చేయలేదని చెప్పి ఫోన్ పెట్టేశాడు. సాయంత్రం అతని అమ్మకపు పేజీలో నేను రాసిన అభిప్రాయం కనిపించకుండా పోయింది. ఫిర్యాదులు ఎందుకు లేవో అప్పుడు నాకు అర్థమైంది.

నేను పాత హైడ్రోమీటర్‌ను తిరిగి పంపడం లేదు. సాక్ష్యంగా ఉంచుకుంటున్నాను.

మీరు చేయవలసింది ఎక్కువేమీ లేదు. హైడ్రోమీటర్ మీద ఏ ఉష్ణోగ్రతకు తయారైందో రాసి ఉంటుంది, చాలావాటికి 20 లేదా 15.6 డిగ్రీలు. అదే ఉష్ణోగ్రత ఉన్న మంచినీళ్ళలో వదిలి, బుడగలు రాలిపోయేలా ఒకసారి తిప్పి, 1.000 వస్తోందో లేదో ప్రతిసారీ చూసుకోండి. ఒకటి రెండు పాయింట్ల తేడా ఉంటే రాసి పెట్టుకుని లెక్కలో సరిచేసుకోవచ్చు. కాగితం కదిలినట్టు అనుమానం వస్తే మాత్రం దాన్ని వాడకండి, ఇవాళ పది పాయింట్లు తప్పినది రేపు ఎంత తప్పుతుందో చెప్పలేం.

ఆ కిట్‌తో ఇప్పటికే సీసాలు నింపి పెట్టుకున్నవారు దయచేసి ఇవాళే హైడ్రోమీటర్ పరీక్షించండి. తేడా ఉంటే సీసాలను ఉత్త చేతులతో ముట్టుకోకండి. కళ్ళకు రక్షణ అద్దాలు, చేతులకు మందపాటి తొడుగులు, ఒంటికి పొడుగు చేతుల బట్టలు వేసుకుని, కుదపకుండా మూత ఉన్న గట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి చేర్చండి. చల్లదనానికి ఈస్ట్ నెమ్మదిస్తుంది, వాయువు బీరులోనే ఎక్కువగా కరిగి ఉండి ఒత్తిడి తగ్గుతుంది. మర్నాడు ఒక్కొక్క సీసా మీద మందపాటి తువ్వాలు చుట్టి, ముఖం దూరంగా ఉంచి మూత వదులు చేయండి. నా దగ్గర మిగిలిన 29 సీసాలనూ అలాగే తెరిచాను. ప్రతి సీసాలోనూ సగానికి పైగా నురగై పొంగిపోయింది.