విండోస్, ఉబుంటు రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌ని షాపుకిచ్చే ముందు జాగ్రత్త: ‘100% ఫ్రీ’ అని చూపించేది ఖాళీ కాదు

విజయనగరంలో ఎవరైనా ల్యాప్‌టాప్‌లో పార్టిషన్లు (హార్డ్ డిస్క్‌ని విడగొట్టిన భాగాలు) మార్పించుకోవాలనుకుంటే, దయచేసి ముందు ఇది చదవండి. పోయిన నెల మాకు జరిగింది. షాపు పేరు రాయను. ఇలాంటి తప్పు ఏ షాపులోనైనా జరగొచ్చు.

నేను ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, పైడితల్లమ్మ పండగొస్తే ఫ్లెక్సీల డిజైన్లు. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పని కాబట్టి నాకు విండోస్ ఉండాల్సిందే. తమ్ముడు బీటెక్‌లో ఉన్నప్పుడు అదే ల్యాప్‌టాప్‌లో ఉబుంటు (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) కూడా వేసుకున్నాడు. హార్డ్ డిస్క్ 1 టీబీ, విండోస్ లెక్కలో 931 జీబీ. సి డ్రైవ్‌కి 200, నా ఫైళ్లుండే డి డ్రైవ్‌కి 430, దాని పక్కన ఉబుంటుకి 300. అమ్మ పాటలు ఆ ఉబుంటు వైపే ఉన్నాయి. చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో ఊడుపులప్పుడు పాడుకునేవి, దంపుళ్ల పాటలు. అమ్మ ఉన్న రోజుల్లో తమ్ముడు ఫోన్‌లో రికార్డు చేసి దాచాడు. మొత్తం 41.

నా డి డ్రైవ్ నిండిపోయింది. ఉబుంటులో సగానికి పైగా ఊరికే ఉంది. అందులోంచి 150 జీబీ తీసి డి కి కలిపితే చాలు. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, నాకేమో పని ఆగిపోతోంది. అందుకే షాపుకి పట్టుకెళ్లాను. “ఇందులో రెండు సిస్టమ్స్ ఉన్నాయి బాబూ, ఉబుంటులో ఒక్క ఫైలు కూడా పోకూడదు” అని రెండుసార్లు చెప్పాను. “ఏటక్కా అంత టెన్షన్ పడతారు, పావుగంట పని” అన్నాడు.

ఆ మాట వినగానే ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చేయాల్సింది. ఇది పావుగంట పని కాదని తర్వాత తమ్ముడు చెబితే తెలిసింది. డి పక్కన ఖాళీ రావాలంటే ఉబుంటు పార్టిషన్ మొదలయ్యే చోటునే కుడివైపుకి జరపాలి. అంటే అందులో ఉన్న డేటా అంతా డిస్క్ మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ కావాలి. హార్డ్ డిస్క్ మీద దానికి గంటలు పడుతుంది. పావుగంటలో అయ్యేది ఒక్కటే, డిలీట్.

అతను చేసింది అదే. విండోస్‌లో పార్టిషన్లు చూపించే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాడు. ఉబుంటు వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ని విండోస్ చదవలేదు. అందుకని ఆ పార్టిషన్‌కి పేరుండదు, డ్రైవ్ అక్షరం ఉండదు, ఎదురుగా ‘100% ఫ్రీ’ అని మాత్రం కనిపిస్తుంది. పక్కనే స్టూలు మీద కూర్చుని నేనూ చూశాను, ఉబుంటు ఖాళీగా ఎలా ఉందా అనుకున్నాను గానీ అడగలేదు. ‘డిలీట్ వాల్యూమ్’ నొక్కగానే ఒక చిన్న పెట్టె వచ్చింది. ఈ పార్టిషన్ విండోస్ తయారుచేసింది కాదు, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ డేటా ఇందులో ఉండొచ్చు, తీసేయమంటారా అని అడిగే పెట్టె అది. నేను మొదటి మాట చదివేలోపే ‘ఎస్’ నొక్కేశాడు. “చూడండక్కా, డి 730 అయింది” అన్నాడు. నేను అడిగింది 150. ఇచ్చింది 300. రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర మీద ‘గ్రబ్ రెస్క్యూ’ అని ఒక్క లైను. ఆన్ చేయగానే ఏ సిస్టమ్ తెరవాలో అడిగే ప్రోగ్రామే గ్రబ్, ఉబుంటుతో పాటు దాని ఫైళ్లూ పోయాయి.

విండోస్ బూట్ అయ్యేలా పది నిమిషాల్లో చేసిచ్చాడు. ఉబుంటు ఏదని అడిగితే “అది ఖాళీ కదక్కా” అన్నాడు. నేను ఏడుస్తుంటే రికవరీ సాఫ్ట్‌వేర్ తెచ్చి అదే డి డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేశాడు, దొరికిన ఫైళ్లు కూడా అందులోనే సేవ్ చేశాడు. అసలు నష్టం ఇక్కడే ఎక్కువ జరిగింది. పార్టిషన్ డిలీట్ అయినంత మాత్రాన హార్డ్ డిస్క్ మీద డేటా వెంటనే చెరిగిపోదు, దాని చిరునామా మాత్రమే పోతుంది. ఆ చోట కొత్తగా ఏదైనా రాస్తే అప్పుడు నిజంగా పోతుంది. అమ్మ పాటలున్న చోటు మీదే అతను రాసుకుంటూ పోయాడు.

తమ్ముడు ఆ వారాంతం వచ్చాడు. ముందు డిస్క్ మొత్తాన్ని వేరే డిస్క్‌లోకి యథాతథంగా కాపీ తీశాడు. ఆ కాపీ మీద టెస్ట్‌డిస్క్ నడిపితే పాత పార్టిషన్ జాడ దొరికింది గానీ ఫోల్డర్లు తెరుచుకోలేదు. తర్వాత ఫోటోరెక్ పెట్టాడు. రెండూ పోయిన డేటాను వెతికే ఉచిత సాఫ్ట్‌వేర్లే. ఫోటోరెక్ ఫైళ్లను తెస్తుంది గానీ పాత పేర్లు తేలేదు. ఎఫ్ అక్షరం, వెనక పొడవాటి నంబరు, అంతే. వేల ఫైళ్లలో ఏది అమ్మ గొంతో ఒక్కొక్కటీ విని చూసుకున్నాం. 26 దొరికాయి. వాటిలో నాలుగు మధ్యలో తెగిపోయాయి.

మీకు ఇదే పని పడితే, ముందు బ్యాకప్. విండోస్‌లోంచి తీసిన బ్యాకప్‌లో ఉబుంటు ఫైళ్లు రావు. ఉబుంటులోకి వెళ్లి బయటి హార్డ్ డిస్క్‌లోకి విడిగా కాపీ చేసుకోవాలి, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూసుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ రక్షణ) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకున్నాకే పని మొదలుపెట్టండి. ఫాస్ట్ స్టార్టప్ (షట్‌డౌన్ చేసినా విండోస్‌ని సగం నిద్రలోనే ఉంచే సెట్టింగ్) ఆపేసి పూర్తిగా షట్‌డౌన్ చేయాలి. విండోస్ పార్టిషన్‌ని విండోస్‌లోనే తగ్గించండి, పెంచండి. ఉబుంటుది మాత్రం ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి జీపార్టెడ్ అనే ప్రోగ్రామ్‌లో మార్చండి. ఛార్జర్ తీయకండి. బ్యాటరీ పాడైన ల్యాప్‌టాప్ అయితే ఆ పనికి దిగొద్దు, మధ్యలో కరెంటు పోతే సగం డేటా ఒకచోట, సగం ఇంకోచోట ఉండిపోతుంది. ‘డైనమిక్ డిస్క్’గా మారుస్తానని విండోస్ అడిగితే ఒప్పుకోకండి, రెండో సిస్టమ్ బూట్ కాకుండా పోతుంది.

షాపుకే ఇవ్వాల్సి వస్తే ఒక్క ప్రశ్న అడగండి: “ఉబుంటు పార్టిషన్‌ని దేనితో జరుపుతారు?” డిస్క్ మేనేజ్‌మెంట్ అంటే తిరిగి వచ్చేయండి. ఇప్పటికే డిలీట్ అయిపోయి ఉంటే వెంటనే ల్యాప్‌టాప్ ఆఫ్ చేయండి, దాంట్లో ఇంకేమీ ఇన్‌స్టాల్ చేయనివ్వకండి. హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ (చిప్‌లలో డేటా దాచేది) అయి, దాన్ని ఫార్మాట్ కూడా చేసేసి ఉంటే డేటా తిరిగి రావడం చాలా కష్టం.

నాకు బిల్లు ఇవ్వలేదు. చీటీ మీద ‘సర్వీస్ 500’ అని రాసిచ్చారు. డేటా పోతే మాకు బాధ్యత లేదని గోడ మీద కాగితం ఉంది కదా అన్నారు. ఆ చీటీ, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్, డేటా పోకూడదని వాట్సాప్‌లో నేను పెట్టిన మెసేజ్ దాచి ఉంచాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, అందుకు రెండేళ్ల గడువుంది. జవాబు ఏమొచ్చినా ఇక్కడే రాస్తాను.