రే మిస్టీరియోనా, ఎడ్డీ గెరెరోనా: మెక్సికో పరువు ఎవరు బాగా నిలబెట్టారు?

మా బ్యాచ్‌లో ఈ గొడవ ఇరవై ఏళ్లుగా తేలట్లేదు. టెన్ స్పోర్ట్స్‌లో స్మాక్‌డౌన్ (అమెరికాలో డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీ వాళ్ల రెజ్లింగ్ షో, కథ ముందే రాసుకుని ఆడతారు) చూసి మర్నాడు స్కూల్లో రెజ్లర్ల ట్రంప్ కార్డులు ఆడేవాళ్లం కదా, రే మిస్టీరియో పొట్టోడు, ఆ కార్డు చేతికొస్తే ఎత్తు చెప్పినా బరువు చెప్పినా పోయినట్టే, అయినా ఆ కార్డు మీద అందరికీ కన్నే. (స్పానిష్‌లో రేయ్ అంటే రాజంట, మనకేమో ఒరేయ్‌కి తమ్ముడు, క్లాసులో దాని మీద నడిచిన జోకులు ఇక్కడ రాయలేను.) ఎడ్డీ గెరెరో ఫ్యాన్స్ తక్కువమందే గానీ ఉన్నోళ్లు మహా మొండోళ్లు. అప్పట్లో గొడవంతా ఎవడు గొప్ప ఫైటర్ అనే. ఇప్పుడు నాకు ఇంకో ప్రశ్న పట్టుకుంది. ఇద్దరూ మెక్సికన్లమని రొమ్ము విరుచుకుని చెప్పుకున్నోళ్లే, పుట్టింది మాత్రం ఇద్దరూ అమెరికాలోనే, మరి ఆ మెక్సికోని రింగులోకి ఎవడు బాగా తెచ్చాడు?

రే మాస్క్ వేసుకుని ఆడే రెజ్లర్, అందుకే ముందు మాస్క్ సంగతి చెప్పాలి, అది తెలీకపోతే అతని కథ సగం అర్థం కాదు. మెక్సికోలో లూచా లిబ్రే, అంటే వాళ్ల రెజ్లింగ్, 1933లో సాల్వడార్ లుట్టెరోత్ పెట్టిన కంపెనీతో ఊపందుకున్న ఆట. మాస్క్‌లు కుట్టడంలో అక్కడ పేరు పడ్డ మొదటి మనిషి ఒక చెప్పులు కుట్టేవాడు, ఆంటోనియో మార్టినెజ్. అక్కడ మాస్క్ మీద పందెం కాస్తారు, ఓడినోడు రింగులోనే మాస్క్ తీసి అసలు పేరు చెప్పుకోవాలి, ఆ మాస్క్ మళ్లీ పెట్టుకోకూడదు అనేది పద్ధతి. ఎల్ శాంటో అని వెండి మాస్క్ హీరో ఉన్నాడు, యాభైకి పైగా సినిమాలు చేశాడు, 1984లో ఒక టీవీ షోలో మాస్క్ కొంచెం పైకెత్తి ముఖం చూపించాడు, కొద్దిరోజులకే చనిపోయాడు, ఆ మాస్క్‌తోనే పాతిపెట్టారు. ఇదీ వాళ్లకి మాస్క్ అంటే.

వంశం లెక్కన చూస్తే ఎడ్డీ ముందు రే నిలబడలేడు, ఒప్పుకోవాలి. ఎడ్డీ వాళ్ల నాన్న గోరీ గెరెరో ఆ ఎల్ శాంటోకే ట్యాగ్ పార్ట్‌నర్, అంటే జట్టుగా ఆడే జోడీ. అన్నలు ముగ్గురూ రెజ్లర్లే. 1994 నవంబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఎడ్డీ, ఆర్ట్ బార్ ఒక జట్టు, ఎల్ శాంటో కొడుకు, ఆక్టగాన్ ఇంకో జట్టు, ఎడ్డీ వాళ్లు జుట్టు పందెం కాస్తే అవతలోళ్లు మాస్క్‌లు కాశారు, ఎడ్డీ వాళ్లు ఓడిపోయి గుండు కొట్టించుకున్నారు. నాన్నలు ఒకే జట్టు, కొడుకులు ఎదురెదురుగా, సీరియల్ వాళ్లకి కూడా ఈ ట్విస్ట్ తట్టదు. దానికంటే ముందు ఎడ్డీ కూడా కొన్నాళ్లు మాస్క్ వేసుకున్నాడు గానీ దాన్ని తనే తీసేశాడు, అతనికి ముఖం కావాలి, ఆ ముఖంతోనే కదా మొత్తం ఆట.

రే పుట్టింది శాన్ డియేగో పక్కన చులా విస్టాలో, 1974లో. బోర్డర్ దాటితే టిహువానా, అక్కడ మేనమామో బాబాయో గానీ (ఇంగ్లీషోళ్లకి అందరూ అంకులే కదా) రే మిస్టీరియో సీనియర్ దగ్గర పని నేర్చుకున్నాడు, 14 ఏళ్లకే, 1989లో రింగెక్కాడు. మొదట్లో వేరే పేర్లతో ఆడాడు, వాటిల్లో ఒకటి కోలిబ్రి, అంటే తేనెపిట్ట. మిస్టీరియో అనే పేరు ఆ సీనియర్ తర్వాత ఇచ్చాడు. పొట్ట మీద అడ్డంగా మెక్సికన్ అని పెద్ద అక్షరాలతో టాటూ, ఫినిషర్ (మ్యాచ్ ముగించే దెబ్బ) పేరేమో 619, అది శాన్ డియేగో ఫోన్ కోడ్! ఒకే ఒంట్లో రెండు ఊళ్లు.

ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడాలంటే 1997 హాలోవీన్ హావొక్ (అప్పట్లో డబ్ల్యూసీడబ్ల్యూ అనే ఇంకో రెజ్లింగ్ కంపెనీ షో) మ్యాచ్ ఒక్కటి చాలు. రే మాస్క్‌కీ ఎడ్డీ టైటిల్‌కీ పందెం. రే ఊదారంగు సూట్ వేసుకొచ్చాడు, మాస్క్ ఆ సూట్‌కే అతికించి ఉంటుంది, ఎడ్డీ ఎంత పీకినా చిరుగుతుందే గానీ ఊడి రాదు, చివర్లో పై తాడు మీద నుంచి రేని కిందకి విసరబోతే అతను గాల్లోనే తిరిగి కాళ్లతో ఎడ్డీని లాగి పడేసి పిన్ చేసేశాడు, అంటే భుజాలు నేలకి అదిమి మూడు లెక్కపెట్టించి గెలిచాడు. ఆ మ్యాచ్‌లో విలన్‌గా ఎడ్డీ లేకపోతే రే ఎగరడం ఒట్టి సర్కస్ అయ్యేది, ఇది మాత్రం నేను ఎక్కడైనా వాదిస్తా.

ఎడ్డీ పని దగ్గర నుంచి చూడాలంటే ఆ కుర్చీ ట్రిక్ చూడాలి. రెఫరీ అటు తిరగ్గానే కుర్చీతో నేలని ఫట్‌మని కొట్టి, దాన్ని ఎదుటోడి చేతుల్లోకి విసిరేసి, తల పట్టుకుని తను పడిపోతాడు. రెఫరీ ఇటు తిరిగేసరికి పాపం ఎదుటోడు కుర్చీతో నిలబడి ఉంటాడు. 2004 రెజిల్‌మేనియాలో (డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్లు ఏటా పెట్టే పెద్ద షో) అయితే బూటు లేసులు వదులు చేసుకున్నాడు, కర్ట్ యాంగిల్ కాలు పట్టి మెలేస్తే బూటు చేతిలో ఉండిపోయింది, ఆ షాక్‌లో ఉండగానే చుట్టేసి పిన్! దానికి ముందు నెలలోనే బ్రాక్ లెస్నర్‌ని ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ ఛాంపియన్ అయ్యాడు, ఎగిరెగిరి పడే లోరైడర్ కారులో ఎంట్రీ, వీవా లా రాసా (మన జాతికి జై) అని అరుపులు.

కానీ నా ఇబ్బంది ఇక్కడే. అబద్ధమాడతా, మోసం చేస్తా, దొంగిలిస్తా అనేది ఎడ్డీ నినాదం, మెక్సికన్లని గిట్టనోళ్లు తిట్టే తిట్టు కూడా అదే. దాన్ని ఎడ్డీ అందుకుని వాళ్ల మొహానే నవ్వుతూ తిప్పికొట్టాడు, జనం పడి నవ్వారు, ప్రేమించారు కూడా. అయితే అది ఎడ్డీ చేస్తేనే చెల్లింది. అదే కంపెనీ 2005లో ముగ్గురు మెక్సికన్ రెజ్లర్లని గడ్డి కోసే మెషీన్ల మీద కూర్చోబెట్టి ఎంట్రీ ఇప్పించింది, అందులో ఆ తెలివి లేదు, ఒట్టి ఎగతాళి మిగిలింది.

రేకి కూడా మచ్చ ఉంది. 1999 ఫిబ్రవరిలో డబ్ల్యూసీడబ్ల్యూ వాళ్లు అతని మాస్క్‌ని ఒకావిడ జుట్టుకి పోటీగా పందెం పెట్టించి తీయించేశారు, అక్కడి ఆఫీసోళ్లకి అదొక గుడ్డముక్క. 2002లో డబ్ల్యూడబ్ల్యూఈకి వచ్చాక మళ్లీ పెట్టుకున్నాడు. పోయిన మాస్క్ మళ్లీ పెట్టుకోవడం పద్ధతి ప్రకారం తప్పే, కానీ నాకైతే అది తప్పు సరిదిద్దుకున్నట్టే అనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని నిజంగా గెలుచుకున్నోడు ఎవడూ లేడు.

ఎడ్డీ 2005 నవంబర్‌లో 38 ఏళ్లకే పోయాడు. తర్వాతి జనవరిలో రాయల్ రంబుల్‌లో (ఒక్కొక్కళ్లే రింగులోకి దిగుతుంటారు, చివరిదాకా మిగిలినోడు గెలిచినట్టు) రే రెండో నంబర్‌గా దిగి గంటకి పైగా నిలబడి గెలిచాడు, రెజిల్‌మేనియాకి నెత్తిన ఈకల కిరీటంతో వచ్చి వరల్డ్ టైటిల్ కొట్టాడు, రెండూ ఎడ్డీకే అంకితం. ఆ తర్వాత అతన్ని ఛాంపియన్‌గా చూపించిన తీరు మాత్రం దారుణం, మన ఖలీతో సహా దొరికినోడల్లా చితక్కొట్టాడు.

సో నా ఓటు: రింగులో పని వరకూ ఎడ్డీ, అందులో డౌటే లేదు. మెక్సికోని మోసుకెళ్లడంలో మాత్రం రే. ఎడ్డీ జోకు అర్థం కావాలంటే అమెరికాలో మెక్సికన్లని ఏమంటారో తెలిసుండాలి, రే మాస్క్‌కి ఏమీ తెలీక్కర్లేదు, స్పానిష్ ముక్క రాని మా క్లాసోళ్లు కర్చీఫ్‌కి రెండు కన్నాలు పెట్టి కట్టుకుని బెంచీల మీద నుంచి దూకారు.

దీనికి మా మొండోళ్ల దగ్గర జవాబు రెడీగా ఉంది లెండి. రే కొడుకు డొమినిక్‌ని చూడమంటారు, మాస్క్ లేదు, జుట్టు ఎడ్డీ స్టైల్, ఫినిషర్ కూడా ఎడ్డీదే, పై తాడు మీద నుంచి కప్పలా దూకే ఫ్రాగ్ స్ప్లాష్, మోసం చేసే పద్ధతి కూడా అదే. 2023 రెజిల్‌మేనియాలో తండ్రి మీదే దిగాడు. ఇంట్లో ఓటే ఎడ్డీకి పడితే నువ్వెవడ్రా అంటారు, అక్కడ నా నోరు పడిపోద్ది.