మూడు రోజుల ఓరియంటేషన్‌కి ఒకటిన్నర స్టార్

మా అమ్మాయి హైస్కూల్లో చేరినప్పుడు కొత్తవాళ్ల కోసం పెట్టిన ఓరియంటేషన్ గురించి రాస్తున్నాను. స్కూలు పేరు చెప్పను. ఐదుకి ఒకటిన్నర స్టార్లు ఇస్తున్నాను. ఆ అర ఎందుకో చివర్లో చెప్తాను.

ఈ హైస్కూలుకి మూడు మిడిల్ స్కూళ్ల నుంచి పిల్లలొస్తారు. రెండు పెద్దవి, ఒకటి చిన్నది. మాది ఆ చిన్నది. పెద్ద స్కూళ్ల నుంచి గుంపుగా వచ్చినవాళ్లకి బిల్డింగ్ ఒక్కటే కొత్త. మా పిల్లకి మనుషులూ కొత్తే. తనతో వచ్చిన నలుగురూ వేరే సెక్షన్లలో పడ్డారు.

మొదటి రోజే అందరి మెడలో బ్యాడ్జీలు వేశారు. పేరు కింద పాత స్కూలు పేరు, దానికి స్కూలుకో రంగు రిబ్బన్. లెక్క పెట్టుకోవడానికి టీచర్లకి సులువని కాబోలు! పిల్లలు మొహం కన్నా ముందు రిబ్బన్ చూశారు. కాసేపట్లో హాల్లో నీలం ఒకవైపు, ఎరుపు ఒకవైపు సర్దుకున్నాయి. మావాళ్లది పసుపు. ఆ రాత్రి బట్టలు ఉతకడానికి వేస్తుంటే జేబులో ఉండచుట్టిన రిబ్బన్ చేతికి తగిలింది.

రెండో రోజు ఇంకా ఘోరం. పాత స్కూళ్ల మధ్య తాడు లాగుడు పోటీ పెట్టారు. పసుపువాళ్లు తక్కువమంది కాబట్టి చప్పట్లు కొట్టమన్నారట.

1954లో ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్టు ఓక్లహోమాలో ఒక సమ్మర్ క్యాంపులో మగపిల్లల్ని రెండు జట్లు చేసి చూశాడు. పోటీలు పెట్టేసరికి పగలు పెరిగాయి. తర్వాత ఒకేచోట భోజనం పెడితే తిండి విసురుకున్నారు. నీళ్లు ఆగిపోయి అందరూ కలిసి కారణం వెతకాల్సి వచ్చాక, మొరాయించిన ట్రక్కుని కలిసి లాగాల్సి వచ్చాక మెత్తబడ్డారు. ట్రక్కుకి కట్టింది అంతకుముందు పోటీలో లాగిన తాడే. మా స్కూలువాళ్లకి తాడు దొరికింది గానీ ట్రక్కు దొరకలేదు.

ఆ ట్రక్కు దాదాపు నెలన్నర తర్వాత సోషల్ క్లాసులో దొరికింది. టీచర్ పాఠాన్ని ఐదు ముక్కలు చేసి, గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. ఎవరి ముక్క వాళ్లు నేర్చుకుని మిగతా నలుగురికీ చెప్పాలి, పరీక్ష మాత్రం మొత్తం మీద. ఇలియట్ ఆరన్సన్ అనే ఇంకో సైకాలజిస్టు 1971లో మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతి ఇది. ఆ రాత్రి ఒక నీలం రిబ్బన్ అమ్మాయి ఫోన్ చేసింది. "రేపు నువ్వు రాకపోతే మా పని అయిపోయినట్టేనే!" మా పిల్లకి కొంచెం జ్వరంగా ఉన్నా, వద్దంటే వినకుండా వెళ్లింది. అయితే ఈ మార్కులు ఆ టీచర్‌వి, ఓరియంటేషన్‌వి కావు.

అర స్టార్ మూడో రోజు వచ్చిన సీనియర్ అమ్మాయికి. ఏ ఆటా ఆడించలేదు. రద్దీ లేని వెనక మెట్లెక్కడో, బాత్రూమ్‌లో గడియ సరిగ్గా పడేది ఏ తలుపుకో చూపించింది. ఇప్పటికీ మా అమ్మాయి ఆ మెట్ల మీదుగానే వెళ్తుంది. ఫోన్ చేసిన పిల్లకీ ఆ దారి తనే చూపించిందట.