టెక్సోమాలో స్ట్రైపర్ వేట: నెల ముందు, గైడ్ తర్వాత, బస ఆఖరున

డాలస్ నుంచి హైవే 75 పట్టుకుని ఉత్తరంగా గంటంబావు వెళ్తే డెనిసన్ డ్యామ్ వస్తుంది. రెడ్ నది మీద 1944లో పూర్తయిన ఈ డ్యామ్ వెనక, టెక్సస్-ఓక్లహోమా సరిహద్దులో పరుచుకున్నదే టెక్సోమా సరస్సు. ఇక్కడ వేటంటే స్ట్రైపర్ అనే చారల చేప కోసమే. డాలస్ శివార్లయిన ఫ్రిస్కో, ప్లేనో నుంచి వచ్చే మనవాళ్లలో చాలామంది ముందు కాటేజీ బుక్ చేసి, తర్వాత పడవలో వేటకు తీసుకెళ్లే గైడ్‌ని వెతికి, చివర్లో “ఈ నెలలో చేపలు పడతాయా?” అని అడుగుతారు. ఆ వరస తిరగేస్తే ట్రిప్ సగం బాగుపడుతుంది.

స్ట్రైపర్ సహజంగా సముద్రపు చేప, గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురెక్కుతుంది. గుడ్లు మునిగిపోకుండా రెండు రోజుల పాటు పారే నీటిలో కొట్టుకుపోతేనే పిల్లలవుతాయి. అందుకే చాలా సరస్సుల్లో ఏటా పిల్లల్ని తెచ్చి వదలాల్సిందే. ఇక్కడ 1965లో వదలడం మొదలుపెట్టారు. రెడ్, వాషిటా నదుల్లో పారే నీరు చాలినంత పొడవున ఉంది కాబట్టి తర్వాత వాటంతట అవే పెరుగుతున్నాయి. మనిషికి రోజుకు పది చేపల కోటా ఇవ్వగలగడానికి కారణం అదే. ఆ పదిలో 20 అంగుళాలు, అంతకు పైబడినవి రెండే ఉండాలి. లైవ్‌వెల్‌లో, అంటే పడవలో చేపల్ని బతికించి ఉంచే నీటి తొట్టిలో వేసిన చేప లెక్కలోకి వచ్చినట్టే. పెద్దది పడింది కదా అని చిన్నదాన్ని తీసి నీళ్లలో వదలకూడదు.

ఇక నెలల సంగతి. నీరు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక, మార్చి చివర, ఏప్రిల్‌లో పెద్ద చేపలు నదుల పాయల్లోకి వెళ్లిపోతాయి. అప్పుడు నడి సరస్సులో చేపలు పల్చబడతాయి, పైగా దక్షిణపు గాలి. పిల్లలతో వెళ్లేవాళ్లు ఏప్రిల్ వదిలేయడం మేలు. గుడ్లు పెట్టి ఆకలితో తిరిగొచ్చే మే, ఆ తర్వాత జూన్ కుటుంబాలకు అన్నిటికన్నా మంచి కాలం. పడవ ఒకచోట లంగరేసి షాడ్ అనే చిన్న చేపని బతికుండగానే ఎరగా వేస్తారు కాబట్టి గాలం విసరడం రానివాళ్లకూ చేప పడుతుంది.

ఆ గాలం కట్టడం సులువే. ఔన్సు నుంచి రెండు ఔన్సుల సీసం గుండు, దాని కింద స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న కీలు), అక్కడినుంచి రెండు మూడు అడుగుల ఫ్లోరోకార్బన్ దారం, చివర సర్కిల్ కొక్కెం, అంటే కొన లోపలికి వంగిన కొక్కెం. కొక్కేన్ని షాడ్ ముక్కు రంధ్రాల్లోంచి గుచ్చాలి. గుండు సరస్సు అడుగు తాకాక రీలు రెండు చుట్లు తిప్పి, కాస్త పైకి లేపి ఆపేయాలి. కొత్తవాళ్లు చేప పోగొట్టుకునేది ఇక్కడే: గాలం కర్ర కొన వణకగానే గుంజేస్తారు. సర్కిల్ కొక్కెం గుంజితే నోట్లోంచి జారిపోతుంది. కర్ర నీటివైపు బాగా వంగేదాకా ఆగి, అప్పుడు చుట్టడం మొదలుపెడితే చాలు. ఎర తొట్టిలోకీ ఒకసారి తొంగిచూడండి. తొట్టి గుండ్రంగా ఉండాలి, మూలలుంటే షాడ్ అక్కడ గుమిగూడి చస్తాయి. ముక్కులు ఎర్రబడ్డాయంటే అవి తొట్టిలో నలిగిపోయాయన్నమాట. అలాంటి ఎర చురుగ్గా ఈదదు, స్ట్రైపర్ దాన్ని పెద్దగా పట్టించుకోదు.

జులై, ఆగస్టుల్లో తెల్లవారగానే చేపల గుంపులు పైకొచ్చి నీళ్లు ఉడికినట్టు కనిపిస్తాయి. చూడ్డానికి పండగే. కానీ ఎండెక్కాక పై నీరు వేడి, లోతు నీటిలో ఆక్సిజన్ తక్కువ. మధ్యలో సన్నటి పొరలోనే చేపలు ఇరుక్కుంటాయి. అక్కడినుంచి లాగిన చేపని వదిలినా చాలాసార్లు బతకదు. పట్టి వదిలేసే సరదా ఉన్నవాళ్లకు ఆగస్టు పనికిరాదు. తినేటన్ని పట్టుకుని గాలం ఎత్తేయాలి.

అక్టోబరు నుంచి గల్ పక్షులు దిగుతాయి. అవి ముక్కున నీళ్లలోకి దూకుతున్నచోట కింద స్ట్రైపర్ ఉన్నట్టే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెద్ద చేపల కాలం. బరువైన జిగ్‌హెడ్‌కి (సీసం తల ఉన్న కొక్కెం) మెత్తటి ప్లాస్టిక్ ఎర తొడిగి, కదిలీ కదలనట్టు పట్టుకుని కూర్చోవాలి. వేట తెలిసినవాడికి ఇదే అసలు సీజన్. చలికి వణికే అత్తమామలను మాత్రం తీసుకెళ్లకండి.

బస విషయానికొస్తే, గైడ్ ఏ గట్టు నుంచి బయల్దేరతాడో అటే దిగాలి. టెక్సస్ వైపు పాట్స్‌బరో, ఓక్లహోమా వైపు కింగ్‌స్టన్ మ్యాపులో ఎదురెదురుగానే కనిపిస్తాయి, రోడ్డు మీద దాదాపు గంట. సూర్యోదయానికి రేవులో ఉండాలంటే ఆ గంట భారమే. డ్యామ్ పక్కనే ఐసన్‌హోవర్ స్టేట్ పార్క్‌లో టెంట్ వేసుకోవచ్చు, దోమతెరల షెడ్లూ ఉన్నాయి. ఖర్చు తక్కువ, ఒడ్డు మాత్రం రాతి చరియలు, చిన్నపిల్లల్ని వదలలేం. ఇద్దరు ముగ్గురు కుటుంబాలు కలిసి వంట చేసుకోవాలంటే పాట్స్‌బరో వైపు అద్దె ఇల్లు నయం. డెనిసన్ మోటెళ్లు నిద్రకు సరిపోతాయి, అంతే. భారీ వర్షాల తర్వాతైతే డ్యామ్‌ని చూసుకునే ఆర్మీ ఇంజనీర్లు ప్రకటించే నీటిమట్టం చూశాకే డబ్బు కట్టండి. సముద్రమట్టం నుంచి లెక్కేస్తే మామూలు మట్టం 617 అడుగులు, మిగులు నీరు పొర్లిపోయే స్పిల్‌వే 640. 2015లో నీరు దాని మీదుగా పొర్లింది. అంత దాకా రాకముందే లోతట్టు క్యాంపులు, పడవ రేవులు మునుగుతాయి.

గైడ్ రేటులో గాలాలు, ఎర, చేప కోయడం మామూలుగా కలిసే ఉంటాయి, లైసెన్సు ఉండదు. టెక్సోమా లైసెన్సు అని విడిగా ఉంది, డిసెంబరు 31 దాకా సరస్సులో రెండు రాష్ట్రాల వైపూ చెల్లుతుంది. టెక్సస్ లైసెన్సు ఒక్కటే ఉంటే, ఎక్కువ భాగం నీళ్లున్న ఓక్లహోమా వైపు గాలం వేయకూడదు. అడ్వాన్సు ఇచ్చేముందు రెండు అడగాలి: గాలికి ట్రిప్ ఆగితే డబ్బు తిరిగిస్తాడా, తేదీ మారుస్తాడా? పడవలో టాయిలెట్ ఉందా? ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉంటే రెండోదే ముఖ్యం.

రేవులో చేపలు కోసేవాళ్లు చెప్పకపోతే తోలు తీసి, ముల్లు లేని ఫిల్లెట్లే ఇస్తారు. వేపుడుకు అవి భేషు, పులుసులో విడిపోతాయి. పులుసు కావాలంటే రెండు చేపలు పొలుసు తీసి, ముల్లుతో అడ్డంగా ముక్కలు కోయమని ముందే చెప్పండి, తలకాయలూ అడిగి తీసుకోండి. ఫిల్లెట్ పక్కన పొడుగ్గా ఉండే ఎర్ర కండని మాత్రం తీసేయించాలి, నీచు వాసనంతా దాంట్లోనే. కూలర్లో ఐసు కింద సంచులు పెట్టి, కరిగిన నీరు పోయేలా కింది బిరడా తీసి ఉంచండి.