సిరొంచ అడవుల్లో ఐనాచురలిస్ట్: చాలాకాలం వాడాక

మొక్కల, జంతువుల ఫోటోలు పెడితే వాడేవాళ్లంతా కలిసి పేరు గుర్తుపట్టే యాప్ ఐనాచురలిస్ట్. మొక్క పేరు తెలుసుకోవడానికే అయితే ఇది అక్కర్లేదు. మహారాష్ట్రలో ప్రాణహిత నది ఒడ్డునున్న మా సిరొంచ వైపు ఏ ఊళ్లో పెద్దవాళ్లనడిగినా చెప్తారు. ఏ చెట్టు ఎక్కడుంది, ఏ రోజు పూసింది అన్నది పరిశోధన చేసేవాళ్ల దాకా చేరాలంటే మాత్రం దీన్ని మించింది నాకు కనబడలేదు.

2008లో అమెరికాలో, బర్కిలీ యూనివర్సిటీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైందిది. మనం పెట్టేదానికి ఫోటో, తేదీ, చోటు ఉండాలి. మొక్క నాటింది కాకూడదు. గుర్తుపట్టినవాళ్లలో మూడింట రెండొంతుల కన్నా ఎక్కువమంది ఒకే జాతి పేరు చెప్తే ‘రీసెర్చ్ గ్రేడ్’, అంటే పరిశోధనకు పనికొస్తుందన్న గుర్తు వస్తుంది. వేరేవాళ్లు వాడుకోవచ్చా లేదా అని మనం పెట్టిన లైసెన్సు ఒప్పుకుంటే అక్కణ్నుంచి జీబిఫ్ అనే అంతర్జాతీయ డేటా నిధికి పోతుంది.

ఆ నాటడం సంగతి మా దగ్గర జాగ్రత్తగా చూడాలి. ప్లాంటేషన్‌లో వరసగా పెట్టిన టేకుకు ‘కల్టివేటెడ్’ అని గుర్తు పెట్టాల్సిందే. పొలం గట్టు మీది ఇప్పచెట్టు వేరు. దాన్ని ఎవరూ నాటలేదు, కొట్టకుండా ఉంచుకున్నారంతే.

ఇక ఫోటోలు. మద్దిచెట్టును దూరం నుంచి ఒక్క ఫోటో తీసి పెడితే ఎంత తెలిసినవాళ్లైనా ఏం తేలుస్తారు? నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగిలి ఉంటుంది, తెల్లమద్దిది నున్నగా, పొరలు పొరలుగా ఊడొస్తుంది. కాయకు రెండింటికీ ఐదు రెక్కలే. దగ్గరగా చూస్తే నల్లమద్ది రెక్క మీద గీతలు అడ్డంగా అంచు దాకా పోతాయి, తెల్లమద్దికి పైకి వంగుతాయి. అందుకే బెరడు, ఆకు వెనకవైపు, కాయ మూడూ తీస్తాను.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ఎక్కించొద్దు. తీసిన చోటు, తేదీ అందులో ఊడిపోతాయి. అడవిలో సిగ్నల్ లేకున్నా లొకేషన్ ఆన్ చేసి తీసుకుంటే చాలు, ఇంటికొచ్చాక పెట్టుకోవచ్చు.

పూత, కాత గుర్తులు తప్పక పెట్టండి. ఇప్ప మార్చి, ఏప్రిల్‌లో ఆకు రాల్చి పూస్తుంది. ఆ రోజుల్లో పూయని చెట్టు కనిపిస్తే ‘పూలూ కాయలూ లేవు’ అని పెట్టడం కూడా అంతే అవసరం. పూత కాలం ముందుకో వెనక్కో జరుగుతోందా అని చూసేవాళ్లకు రెండూ కావాలి.

మోదుగ పూస్తే అందరూ ఫోన్ తీస్తారు, గడ్డి జోలికి ఎవరూ పోరు. పైగా ఫోటోలన్నీ రోడ్డు పక్కవే. మ్యాపులో చుక్క లేనంత మాత్రాన అక్కడ ఆ మొక్క లేదనుకోకూడదు. వానాకాలంలో ప్రాణహిత ఒడ్డు గడ్డిని కంకి, ఆకు కాండాన్ని పట్టుకునే చోటు కనబడేలా తీసి పెట్టండి. పేరు తెలియకపోతే ఉత్త ‘మొక్క’ అని పెట్టినా నడుస్తుంది.